స్లాబు పడకముందే పొగకు దారి వదలండి: గృహనిర్మాణ శాఖ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ ఉన్నతాధికారులకు, మండలాల్లో ఇందిరమ్మ ఇళ్ల పనులు చూస్తున్న అసిస్టెంట్ ఇంజనీర్లకు, పంచాయతీ కార్యదర్శులకు నమస్కారాలు.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్లు ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లో టీకాలు వేసే, గర్భిణులను చూసే నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఊళ్లో ఎవరింటికి ఎవరు వెళ్లినా అరుగు మీదో ముందు గదిలోనో కూర్చోబెట్టి మాట్లాడతారు గానీ, టీకాల డబ్బాతో వచ్చే ఏఎన్‌ఎం మాత్రం నేరుగా వంటింటి దాకా వెళుతుంది. గర్భిణి పొయ్యి దగ్గరే ఉంటుంది, చంటిబిడ్డ ఆమె చంకలోనే ఉంటాడు. అలా వేల వంటిళ్ల గడపలు తొక్కిన అనుభవంతో మీకు ఒక విన్నపం రాస్తున్నాను. ప్రభుత్వ సాయంతో కట్టే ప్రతి ఇంట్లోనూ వంటగదికి బయటి గోడలో సరైన కిటికీ, స్లాబు కిందుగా పొగ పోయే కన్నం, పడకగదిలో ఎవరూ మూయలేని చిన్న వెంటిలేటర్ ఉన్నాయో లేదో చూసిన తర్వాతే బిల్లు మంజూరు చేయండి. మీరు అడిగితే మేస్త్రీ కడతాడు. అడగకపోతే ఆ కన్నం సంగతి ఎవరికీ గుర్తు రాదు.

పాత ఇళ్ల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. మా అమ్మ కాపురానికి వచ్చింది గూనపెంకుల ఇంటికి. వంటింట్లో మట్టి పొయ్యి, దాని మీద వాసాలకు విత్తనం కోసం దాచిన మక్కకంకులు వేలాడుతూ ఉండేవి. పొగ తగిలితే పురుగు పట్టదని అలా కట్టేవారు. వాసాలు నల్లగా, పొగచూరి, చెదల పాలు కాకుండా ఏళ్ల తరబడి నిలిచేవి. పొయ్యి రాజేసినప్పుడు మా ఇంటిని బయటి నుంచి చూస్తే పెంకుల సందుల్లోంచి ఇల్లంతా ఆవిరి కక్కుతున్నట్టు పొగ లేచేది. ఆ ఇంటికి పొగగొట్టం లేదు, కానీ కప్పే పొగగొట్టం. వేడిగాలి పైకి పోతుంది, పైన సందులు ఉన్నాయి కాబట్టి బయటపడుతుంది, దాని స్థానంలో వాకిలి నుంచి చల్లగాలి వస్తుంది. ఎవరూ లెక్క వేసి కట్టలేదు, అయినా ఆ ఏర్పాటు పనిచేసింది.

పాత ఇల్లు ఆరోగ్యకరమైనదని నేను అనడం లేదు. కట్టెల పొయ్యి ముందు వంగి గొట్టంతో ఊదిన ప్రతిసారీ మా అమ్మ ముఖంలోకే పొగ కొట్టేది. చెప్పదలచింది వేరు. 1998లో మేము పెంకులు దించి స్లాబు వేశాం. వాన కురవదు, తేలు రాదు, కోతి పెంకులు లేపదు అని అందరం సంతోషించాం. ఆ సంతోషంలో కప్పుతో పాటు పొగ పోయే దారిని కూడా తీసేశామని ఎవరికీ తట్టలేదు. ఎనిమిదడుగులకు ఏడడుగుల వంటగది, రెండడుగుల చదరపు కిటికీ, పైన సందు లేని సిమెంటు కప్పు. లేచిన పొగ స్లాబుకు తగిలి, గదంతా పరుచుకుని, మెల్లగా మనిషి ముక్కు దాకా కిందికి దిగి, తలుపులోంచి పడకగదిలోకి వెళ్లేది. మా మేస్త్రీ తప్పేమీ లేదు, మేము అడగలేదు, ఆయన వదలలేదు. ఇప్పుడు ఊరూరా జరుగుతున్నది ఇదే మార్పు కాబట్టి ఇది మా ఒక్క ఇంటి కథ కాదు.

మా అమ్మ జీవితంలో ఒక్క బీడీ కూడా తాగలేదు. యాభై ఐదేళ్లు దాటాక దమ్ము మొదలైంది. మెట్లు ఎక్కలేక, పడుకోలేక, మంచం మీద దిండ్లు పేర్చుకుని కూర్చుని తెల్లవార్లూ గడిపేది. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష చేసిన వైద్యుడు మొదట అడిగిన ప్రశ్న, "బీడీలు తాగేవారా?" అని. లేదంటే, "కట్టెల పొయ్యా?" అన్నాడు. ఆ రెండో ప్రశ్నను నా ఉద్యోగంలో నేను ఎన్ని ఇళ్లలో అడగవలసి ఉండిందో ఆ రోజు అర్థమైంది.

మీరు ఇంజనీర్లు కాబట్టి అంకెలు కూడా చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రంగారెడ్డి, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో 400కు పైగా పల్లె ఇళ్లలో చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల పరిశోధకులు, హైదరాబాద్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్ వారు కలిసి గాలిని కొలిచారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. కట్టెలు, పిడకల వంటి వాటితో వండే ఇళ్లలో ఊపిరితిత్తుల్లోకి చేరే రేణువుల 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి 732 మైక్రోగ్రాముల వరకు ఉండగా, గ్యాస్ వాడే ఇళ్లలో 73 ఉంది. ఇంట్లో ఎవరి వాటా ఎంత అని చూస్తే, అందరికంటే ఎక్కువ పీల్చేది వండే ఆడవాళ్లే. ఇంధనంతో పాటు వంటగది ఏ రకందన్నది కూడా ఈ అంకెను మారుస్తుందని అదే అధ్యయనం తేల్చింది. అంటే ఇంధనం ఒక సగం, కట్టడం మరో సగం. మొదటి సగాన్ని పౌరసరఫరాల శాఖ చూసుకుంటోంది. రెండో సగం మీ చేతిలో ఉంది.

గ్యాస్ ఇళ్లలో వచ్చిన 73ను కూడా తేలిగ్గా తీసుకోకూడదని నా మనవి. మన దేశపు ప్రమాణం ప్రకారం పీఎం 2.5 అనే అతి సన్న రేణువులు 24 గంటల సగటున 60, ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన సూచనల్లో అవి 15, 5 మాత్రమే. ఆ అధ్యయనంలో కొలిచిన రేణువుల పరిమాణం కొంచెం పెద్దది కాబట్టి అంకెకు అంకె పెట్టి పోల్చడం సరికాదు గానీ, గ్యాస్ వచ్చినంత మాత్రాన ఇంటి గాలి బాగుపడిపోలేదని మాత్రం తెలుస్తుంది. పక్కింటి పొగ వస్తుంది, పోపు ఘాటు ఉంటుంది, నూనె ఆవిరి ఉంటుంది, గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ కూడా వస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 90 శాతానికి పైగా కుటుంబాలు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి. ఈ అంకెను చూసి వంటింటి పొగ సమస్య తీరిపోయిందని అనుకునే వారున్నారు. సర్వేలో అడిగేది ప్రధానంగా ఏది వాడతారని. మా ఊళ్లో ఎవరిని అడిగినా గ్యాస్ అనే చెబుతారు, అది అబద్ధం కాదు. కానీ చాయ, కూర గ్యాస్ మీద, స్నానాల నీళ్లు కట్టెల మీద. పత్తి ఏరాక పత్తికట్టె, కంది కోశాక కందికట్టె ఉచితంగా పెరట్లో కుప్ప పడి ఉండగా ఐదారుగురి స్నానాలకు సిలిండర్ కాల్చే కుటుంబం పల్లెలో అరుదు. చుట్టాలు వస్తే, పండుగ వస్తే, పెద్ద గిన్నె కట్టెల పొయ్యి మీదికే వెళుతుంది. ఈ నీళ్ల పొయ్యి ఎక్కడ ఉంటుందో మీరు గమనించి ఉంటారు. వంటగది వెనక తలుపు పక్కనే, గోడకు ఆనించి, పైన రెండు రేకులు వేసి ఉంటుంది. తెల్లవారుజామున ఆ పొగ నేరుగా ఇంట్లోకే వస్తుంది. ఇల్లు కట్టేటప్పుడే ఆ పొయ్యిని వెనక తలుపుకు దూరంగా, దొడ్డి మూలకు జరపమని ఎవరైనా చెబితే వినని వాళ్లు తక్కువ. ముగ్గు పోసే రోజున మీరు ఆ ఒక్క మాట చెబితే చాలు.

ఇక కిటికీ. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కిటికీ ఉన్న వంటిళ్లలో కూడా అది మూసే ఉండటం నేను చూశాను. 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి వంటగదికి కనీసం 1 చదరపు మీటరు కిటికీ నేరుగా ఆరుబయటికి తెరుచుకునేలా ఉండాలని చెబుతోంది. అంటే దాదాపు నాలుగడుగులకు మూడడుగులు. పల్లెల్లో వంటగదికి పెట్టేది రెండడుగుల చదరం, అందులోనూ చౌకట్టు కొంత తినేస్తుంది. చాలా చోట్ల అది బయటికి కాక పక్క గదిలోకి తెరుచుకుంటుంది, అంటే పొగను ఒక గది నుంచి మరో గదికి పంపే కిటికీ అది. ఉన్న కిటికీనైనా ఎందుకు మూస్తారని ఆడవాళ్లను అడిగితే మూడు జవాబులు వచ్చేవి. మొదటిది కోతులు. ఈ పదిహేనేళ్లలో మా జిల్లాలో కోతుల బెడద ఎంత పెరిగిందంటే, వంటింటి కిటికీ తెరిచి పెట్టి నీళ్లకు వెళ్లి వస్తే అన్నం గిన్నె ఉండదు. రెండోది దోమలు. మూడోది మంట. గ్యాస్ పొయ్యిని సరిగ్గా కిటికీ ముందే అరుగు మీద పెడతారు, గాలికి మంట ఊగి ఒక పక్కకు పోతుంది, గ్యాస్ వృథా అవుతుందని కిటికీ మూసేస్తారు.

ఒక ఇంట్లో చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఆరో నెల గర్భిణి మిరపకాయల పోపు వేస్తోంది, ఆమె తలకు జానెడు దూరంలో కిటికీ ఉంది, రెక్కలు మూసి, సందుల్లో గోనెపట్టా ముక్కలు కుక్కి ఉన్నాయి. ఆ పట్టాను పట్టుకుంటే నూనె జిడ్డుతో వేళ్లకు అంటుకుంది. దగ్గుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఆమె నాతో అన్న మాట, "తీస్తే మంట ఆరిపోతది మేడమ్." ఆమెకు పొగ గురించి తెలియక కాదు. ఆ గదిని అలా కట్టినప్పుడు ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

ఇది ఆరోగ్య ప్రచారంతో తీరేది కాదు. ఇరవై తొమ్మిదేళ్లు "కిటికీలు తెరవండమ్మా" అని చెబుతూ తిరిగినదాన్ని నేను. కిటికీ స్థానం మార్చడం నా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. పొయ్యి అరుగును కిటికీ ఉన్న గోడకు కాక పక్క గోడకు కట్టిస్తే మంట ఊగదు. కిటికీకి ఇనుప చువ్వలతో పాటు, తీసి కడిగి మళ్లీ బిగించుకునే వీలున్న సన్న జాలీ చట్రం పెడితే కోతీ రాదు, దోమా రాదు. కడిగే వీలు లేకుండా మేకులు కొట్టిన జాలీ మాత్రం వద్దు. ఆరు నెలల్లో నూనె మసి పట్టి కళ్లన్నీ మూసుకుపోతాయి.

కిటికీ ఎంత పెద్దదైనా దాని పై అంచుకూ స్లాబుకూ మధ్య రెండు మూడడుగుల గోడ ఉంటుంది. వేడిపొగ చేరి నిలిచేది సరిగ్గా అక్కడే. అందుకే స్లాబుకు ఆనుకుని, బయటి గోడలో పొయ్యికి దగ్గరగా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పట్టే గుండ్రటి కన్నం వదిలి, పక్కనే ఒక ప్లగ్ పాయింట్ ఇప్పించమని కోరుతున్నాను. ఆ కుటుంబం ఫ్యాన్ అప్పుడే కొనకపోయినా నష్టం లేదు, కన్నం ఉంటే పొగ కొంతైనా దానంతట అదే పోతుంది, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఫ్యాన్ బిగించుకుంటారు. 40 వాట్ల ఫ్యాన్ రోజుకు మూడు గంటలు తిరిగితే నెలకు 4 యూనిట్లు కూడా కావు. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు కరెంటు ఉచితమైనప్పుడు ఈ ఖర్చు ఎవరికీ భారం కాదు. గోడ కట్టేటప్పుడు నాలుగు ఇటుకలు ఆపితే కన్నం అవుతుంది. ప్లాస్టరింగ్, సున్నం అయిపోయాక అదే గోడను పగలగొట్టాలంటే ఆ ఇంటావిడ మాట ఇంట్లో ఎవరూ వినరు.

బాలింత గది గురించి చెప్పకుండా ఈ లేఖ ముగిస్తే నా ఉద్యోగానికి నేను ద్రోహం చేసినట్టే. మన వైపు కాన్పు అయిన ఆడదానికి చలి తగలకూడదని తలుపులు, కిటికీలు అన్నీ మూసి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, బిడ్డకు సాంబ్రాణి పొగ వేస్తారు. ప్రేమతోనే చేస్తారు. ఒక చలికాలం ఉదయం బాలింతను చూడటానికి వెళ్లేసరికి ఆ అమ్మాయి తలనొప్పి, వాంతులతో కళ్లు తెరవలేకుండా ఉంది, బిడ్డ పాలు పట్టకుండా మగతగా పడి ఉంది. గాలి సోకిందని ఇంట్లో వాళ్లు దిష్టి తీస్తున్నారు. తలుపులు బార్లా తెరిచి, ఇద్దరినీ వాకిట్లోకి మోసుకొచ్చి, కుంపటిని దొడ్లో పెట్టించాను. అరగంటకు బిడ్డ ఏడ్చింది, ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. ఇద్దరినీ ఆసుపత్రికి పంపించాం, బతికి బయటపడ్డారు. మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోట అది కూర్చుంటుంది. పాత పెంకుటింట్లో ఇదే కుంపటి పెట్టినా కప్పు సందుల్లోంచి కొంత గాలి ఆడేది. స్లాబు గదిలో ఆ అవకాశం లేదు. ఆచారం ఒక్క తరంలో మారదు కాబట్టి, పడకగదిలో స్లాబు కిందుగా సిమెంటు జాలీతో ఒక వెంటిలేటర్, రెక్కలు లేకుండా, చేతికి అందని ఎత్తులో ఉండాలని అడుగుతున్నాను. దానికి గుడ్డ కుక్కాలన్నా నిచ్చెన కావాలి.

దోమల కాయిల్, అగరుబత్తి గురించి ఎక్కువ రాయను, అవి మీ శాఖవి కావు. అయినా ఒక్క సంగతి మీ దృష్టికి తెస్తాను. చైనా, మలేసియా దేశాల కాయిల్స్‌ను పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని తేలింది. మన ఇళ్లలో దాన్ని మంచం కింద వెలిగించి, తలుపు మూసి, పిల్లలతో పడుకుంటారు. కిటికీలకు జాలీ ఉంటే కాయిల్ అవసరం తగ్గుతుంది. అందువల్ల జాలీ మాట వంటగదికే పరిమితం చేయవద్దని కోరుతున్నాను.

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయలు, కనీసం 400 చదరపు అడుగులు, ఆర్‌సీసీ కప్పు (స్లాబు), వంటగది, మరుగుదొడ్డి అని నిబంధనలు పెట్టారు. తొలి విడతలో నియోజకవర్గానికి 3,500 చొప్పున, రిజర్వు కోటాతో కలిపి 4.5 లక్షల ఇళ్లు ప్రకటించారు. ఆర్‌సీసీ కప్పు తప్పనిసరి చేసిన ప్రభుత్వమే ఆ కప్పు కింద గాలి ఆడే ఏర్పాటును కూడా తప్పనిసరి చేయాలి. వంటగది ఉండాలని రాసిన కాగితంలోనే ఆ వంటగది ఎలా ఉండాలో రెండు వాక్యాలు చేర్చమంటున్నాను. మరుగుదొడ్డి విషయంలో ఇదే జరిగింది కదా. ఒకప్పుడు ఇంట్లో మరుగుదొడ్డి ఏమిటని ముక్కు మూసుకున్న ఊళ్లలో, అది లేకుండా బిల్లు రాదన్న తర్వాత అందరూ కట్టుకున్నారు, ఇప్పుడు అది లేని ఇల్లు ఎవరికీ ఇల్లులా కనిపించడం లేదు.

అదే పద్ధతి ఇక్కడా సరిపోతుంది. పునాది, గోడలు, స్లాబు, పూర్తి అని ప్రతి దశకూ ఫోటో తీసి యాప్‌లో పెట్టాకే ఇప్పుడు డబ్బులు జమ అవుతున్నాయి. గోడల దశలో తీసే ఫోటోలకు వంటగది బయటి గోడ ఫోటో ఒకటి కలపండి. అందులో నాలుగడుగుల కిటికీ ఖాళీ, పైన ఫ్యాన్ కన్నం కనిపించాలి. చివరి బిల్లుకు ముందు వంటగది లోపలి ఫోటో ఇంకొకటి తీయించండి. అందులో పొయ్యి అరుగు కిటికీ గోడకు కాక పక్క గోడకు ఉండాలి, ప్లగ్ పాయింట్ ఉండాలి. కార్యదర్శికి రెండు నిమిషాల అదనపు పని. కొత్త నిధులు అక్కర్లేదు. ఇంటి స్థలం ఇరుకై, మూడు వైపులా పక్కింటి గోడలు ఆనుకుని ఉన్న చోట పెద్ద కిటికీ సాధ్యం కాదని మీరు అనవచ్చు. నిజమే, పాత ఊరి నడిబొడ్డున అలాంటి స్థలాలు చాలా ఉన్నాయి. అక్కడ వంటగదిని వెనక్కి కాక వీధి వైపుకో, కాస్త ఖాళీ ఉన్న వైపుకో మార్చడం, అదీ కుదరకపోతే పొయ్యి మీద నుంచి స్లాబు గుండా పైకి పోయే పొగగొట్టం పెట్టడం వంటి ఉపాయాలు మీకు నాకంటే బాగా తెలుసు. వాస్తు మాట కూడా వస్తుంది. ఆగ్నేయ మూల వంటగదిని కదపమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. మూల కదపనక్కర్లేదు, ఆ మూలకే తూర్పు గోడలోనో దక్షిణపు గోడలోనో కిటికీ, కన్నం పెట్టించవచ్చు.

ఇంకో విన్నపం కూడా ఉంది. ముగ్గు పోసేటప్పుడు, కొలతలు వేసేటప్పుడు ఇంటి యజమానినీ మేస్త్రీనీ పిలిచి మాట్లాడతారు. మంజూరు పత్రం ఇంటావిడ పేరు మీదే ఉన్నా, కొలతల దగ్గర ఆమె వెనకే నిలబడి ఉంటుంది. దయచేసి వంటగది దగ్గరికి వచ్చేసరికి ఆమెను ముందుకు పిలిచి, "అమ్మా, పొయ్యి ఎటు పెట్టుకుంటావు, నీళ్ల పొయ్యి ఎక్కడ, గాలి ఎటు నుంచి వస్తుంది?" అని అడగండి. ఏ నెలలో గాలి ఎటు నుంచి కొడుతుందో, పొగ ఎటు తిరుగుతుందో ఆమెకు ఏ నక్షా అక్కర్లేకుండానే తెలుసు.

మా మండలంలో ఇప్పుడు చాలా ఇళ్లు లెంటల్ దశలో, అంటే తలుపులు, కిటికీల పైపట్టీ దాకా లేచి ఉన్నాయి. నిన్న సాయంత్రం మా వీధిలోనే ఒకటి చూసి వచ్చాను. వంటగది వెనక గోడ ఇంకా నాలుగు వరుసలు లేవాలి, వచ్చే వారం స్లాబు కోసం సెంట్రింగ్ కొడతారట. ఆ మేస్త్రీకి నేను చెబితే, "పై సార్లు చెప్పాలి కదమ్మా" అన్నాడు. ఆ చెప్పేది మీరే కాబట్టి, ఉత్తర్వు వచ్చే దాకా ఆగకుండా, మీ పరిధిలో గోడలు లేస్తున్న ఇళ్లకైనా ఈ వారమే మాట పంపించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
ఉమ్మడి వరంగల్ జిల్లా